హాజరైనా గైర్హాజరే: బీఈడీ మానేయాలనుకుంటున్న ఒక పాఠకురాలికి

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 29 ఏళ్లు. గాజువాకలో ఉంటాం. మావారు ఆటోనగర్‌లో లేత్ మెషిన్ మీద పని చేస్తారు. మాకు నాలుగేళ్ల పాప. బీఎస్సీ గణితం చదివాను. పెళ్లయిన ఆరేళ్లకు ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాసి బీఈడీలో చేరాను. మొదటి ఏడాది పాపకు జ్వరం వచ్చినా అమ్మ దగ్గర వదిలి కాలేజీకి వెళ్లాను. రెండో సెమిస్టర్ మెమోలో గణిత బోధనా పద్ధతుల పేపరుకు ‘గైర్హాజరు’ అని వచ్చింది. నేను ఆ పరీక్ష రాశాను. హాల్‌టికెట్ వెనక ఇన్విజిలేటర్ సంతకం కూడా ఉంది. కాలేజీలో అడిగితే యూనివర్సిటీకి వెళ్లమంటారు. అక్కడికి వెళితే కాలేజీ ద్వారా రమ్మంటారు. రీవాల్యుయేషన్ ఫీజు కట్టమన్నారు, కట్టాను. రెండు నెలలకు ‘గైర్హాజరైన పేపరుకు రీవాల్యుయేషన్ వర్తించదు’ అని తిప్పి పంపారు. ఇప్పుడు ఇంటర్న్‌షిప్ జాబితాలో నా పేరు లేదు. ఏడాదంతా కాలేజీ గడప తొక్కనివాళ్లు పాసయ్యారు. రోజూ వెళ్లిన నేను గైర్హాజరు. జిరాక్సు షాపు దగ్గర ఒకాయన అయిదు వేలిస్తే పని చేయించి పెడతానన్నాడు. మావారు ‘ఈ అవమానాలు మనకు వద్దు, మానేసెయ్’ అంటున్నారు. అమ్మ మాత్రం ‘కట్టిన డబ్బు గంగలో పోసినట్టేనా’ అని ఏడుస్తోంది. టీసీ కోసం దరఖాస్తు రాసి పెట్టుకున్నాను. ఇంకా ఇవ్వలేదు. నేను చేస్తున్నది తప్పా? (పేరు రాయవద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కనుక కుదించి ఇచ్చాను.)

జవాబు: అమ్మా,

మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు ఒళ్లు మండింది. రెండోసారి పెన్ను పట్టుకుని చదివాను. పన్నెండు పేరాల ఉత్తరంలో పదకొండు పేరాలు ఆఫీసుల గురించే. ఏ రోజు ఏ సెక్షన్‌కు వెళ్లారు, ఏ సారు సీటులో లేరు, ఎవరు సర్వర్ పని చేయడం లేదన్నారు, ఎన్‌ఏడీ జంక్షన్‌లో ఎండలో బస్సు కోసం ఎంతసేపు నిలబడ్డారు, అన్నీ తేదీలతో సహా రాశారు. మధ్యలో ఒక్క పేరా మాత్రం మరో మనిషి రాసినట్టు ఉంది. పైన కుదించినప్పుడు దాన్ని కావాలనే పక్కన పెట్టాను, ఇక్కడ పూర్తిగా చెప్పుకుందామని.

మొదటి ఏడాది నాలుగు వారాల బోధనాభ్యాసంలో పాతనగరం వైపు విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పాఠశాల ఒకదానిలో మీకు ఆరో తరగతి ఇచ్చారు. పాఠం పూర్ణసంఖ్యలు. బోర్డు మీద నిలువుగా గీత గీసి, మధ్యలో సున్నా పెట్టి ‘ఇది సముద్ర మట్టం’ అన్నారు. బీచ్‌రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ చూడని పిల్లలు తరగతిలో ఇద్దరో ముగ్గురో. ‘సబ్‌మెరైన్ మైనస్ 40 మీటర్ల దగ్గర ఉంది, ఇంకో 20 మీటర్లు కిందికి దిగింది, ఇప్పుడు ఎక్కడుంది?’ అని అడిగారు. సగం మంది మైనస్ 20 అన్నారు. మీరు గీత మీద వేలు జరుపుతూ మైనస్ 60 చూపించారు. అప్పుడు చివరి బెంచీ పిల్లవాడు లేచి, ‘40 కంటే 60 పెద్దది కదా టీచర్, మరి మైనస్ 60 చిన్నదంటారేమిటి?’ అన్నాడు. మీకు వెంటనే జవాబు తోచలేదు. ఆ అబ్బాయి నాన్న ఫిషింగ్ హార్బర్ నుంచి బోటు మీద వేటకు వెళతాడని తెలిసి, ‘మీ నాన్న వల దింపేటప్పుడు లోతు ఎలా చెబుతారు?’ అని అడిగారు. వాడు రెండు చేతులూ బార్లా చాపి ‘బారల్లో’ అన్నాడు. ‘పది బారలు కిందా, ఇరవై బారలు కిందా? ఏది పైన ఉన్నట్టు?’ అన్నారు మీరు. వాడు చాపిన చేతులు దించకుండా కాసేపు ఆలోచించి, ‘బారలు పెరిగితే కిందికి పోయినట్టు’ అన్నాడు. అంతలో గంట కొట్టారు.

నేను ఈ జిల్లాలో గణితం చెబుతూ ఇరవై అయిదేళ్లయింది. ఆరో తరగతి పిల్లలు పూర్ణసంఖ్యల దగ్గర ఇరుక్కునేది సరిగ్గా అక్కడే. మైనస్ గుర్తును తీసివేతగా చూస్తారు తప్ప, గీత మీద ఒక చోటుగా చూడరు. చాలామంది ఉపాధ్యాయులు ‘గుర్తు ఉంటే తిరగేసుకోండి’ అని సూత్రం చెప్పి ముందుకు వెళ్లిపోతారు. నేనూ మొదట్లో కొన్నేళ్లు అలాగే చెప్పాను. మీరు శిక్షణలో ఉండగానే, జవాబు తోచక నిలబడిన ఆ అర నిమిషంలో, పిల్లవాడి ఇంట్లో ఉన్న కొలతను పట్టుకున్నారు. ఇది ఏ బోధనా పద్ధతుల పుస్తకంలోనూ దొరకదు. పైగా మీకు గైర్హాజరు వేసింది ఆ బోధనా పద్ధతుల పేపరుకే. అది చదివి నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

మానేయవద్దు. ఇప్పుడే, ఈ కారణంతో మానేయవద్దు. బడిలో ఆ నాలుగు వారాలూ మీకు బరువనిపించి ఉంటే, పిల్లల ముందు నిలబడగానే ఇది నా పని కాదని తోచి ఉంటే, నేనే టీసీ తీసుకోమనేదాన్ని. అలా మానుకుని వేరే పనిలో సంతోషంగా ఉన్నవాళ్లు నాకు తెలుసు. మీరు మాత్రం బడిలో పొందినదాన్ని ఆఫీసులో పోగొట్టుకుని వెళ్లిపోతున్నారు. ఇది నాకు మింగుడు పడటం లేదు.

మీవారి మాటకు నొచ్చుకోకండి. రోజూ సాయంత్రం మీ ముఖం చూస్తున్నది ఆయనే. మానేయమనడంలో ప్రేమ తప్ప మరేమీ లేదు. అమ్మగారు డబ్బు గురించి ఏడుస్తున్నారని రాశారు. నాకైతే ఆవిడ ఏడుపు మనవరాలిని ఒళ్లో పడుకోబెట్టుకుని మీకోసం ఎదురుచూసిన మధ్యాహ్నాల గురించి అనిపించింది. ఇద్దరినీ కూర్చోబెట్టి మూడు నెలలు గడువు అడగండి. మూడు నెలలని ఎందుకు అంటున్నానో కింద చెబుతాను.

ముందు నా సంగతి ఒకటి. నేను బీఈడీ చేసిన రోజుల్లో అది ఏడాది కోర్సు. 1997లో పూర్తి చేశాను. మెమోలో ఇంటిపేరు తప్పు పడింది, ఒక్క అక్షరం తేడా. దాన్ని సరిచేయించడానికి పదకొండుసార్లు తిరిగాను. ప్రతిసారీ ‘చూస్తాం, వచ్చే వారం రండి’ అన్నారు. ఆ కాగితం చేతికి రాకపోవడం వల్ల 1998లో ఉపాధ్యాయ నియామకాల డీఎస్సీకి దరఖాస్తు పెట్టలేకపోయాను. (ఆ డీఎస్సీ రాసి అర్హత సాధించిన వేలమంది ఏళ్ల తరబడి ఎదురుచూశారు, 2022లో గానీ వారి ఫైలు కదల్లేదు. వాళ్ల ముందు నా కష్టం చిన్నదని తర్వాత తెలిసింది.) పదకొండోసారి వెళ్లినప్పుడు బెంచీ మీద కూర్చుని ఏడుస్తుంటే, రికార్డుల గదిలో పనిచేసే ఒక పెద్దాయన వచ్చి, ‘నోటితో అడిగినది గాలికి పోతుందమ్మా. కాగితం మీద రాసి, దరఖాస్తులు తీసుకుని నంబరు వేసే ఇన్‌వార్డ్‌లో ఇవ్వు. రెండో ప్రతి మీద ముద్ర, తారీఖు వేయించుకో’ అన్నారు. ఆ రోజే అలా చేశాను. మూడు వారాల్లో సరిచేసిన మెమో ఇంటికి వచ్చింది. పదకొండుసార్లు నేను తిరిగిన సంగతి ఆ ఆఫీసులో ఏ రికార్డులోనూ లేదు. ఆ కాగితం మాత్రమే ఉంది.

మీ ఉత్తరంలో అలాంటి కాగితం కోసం వెతికాను. పధ్నాలుగుసార్లు వెళ్లారు, ఎంతోమందితో మాట్లాడారు. రాతపూర్వకంగా ఇచ్చింది రీవాల్యుయేషన్ దరఖాస్తు ఒక్కటే, అదీ తప్పు దరఖాస్తు. గైర్హాజరు వేసిన పేపరును ఎవరూ మళ్లీ దిద్దలేరు, ముందు అది దొరకాలి కదా. ఆ ఫీజు కట్టించుకున్నవారికి ఈ సంగతి తెలియకపోదు. అయినా కట్టించుకున్నారు. ఇందులో మీ పొరపాటు ఏమీ లేదు.

ఇలాంటి తప్పు ఎక్కడ జరిగే వీలుందో ఒకసారి చూడండి. జవాబు పత్రం మీద హాల్‌టికెట్ నంబరు వేసే గళ్లలో ఒక గడి తప్పు దిద్దినా, బార్‌కోడ్ చీటీ ఒకరిది మరొకరికి అంటుకున్నా, ఆ పేపరు మీ నంబరుకు చేరదు. చేరకపోతే కంప్యూటర్ గైర్హాజరు అని వేస్తుంది. కాబట్టి మీ జవాబు పత్రం ఎక్కడో ఒక కట్టలో ఉండే ఉంటుంది. పరీక్ష గదిలో మీరు సంతకం పెట్టిన హాజరు పట్టీ ఉంది, దాని మీద మీ జవాబు పత్రం నంబరు రాసి ఉండాలి. ఆ పట్టీయే మీకు సాక్ష్యం. హాల్‌టికెట్ వెనక సంతకం దానికి తోడు.

1997లో నా చేతిలో లేనిది మీ చేతిలో ఉంది. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. తెల్ల కాగితం మీద, పది రూపాయల ఫీజుతో, యూనివర్సిటీ పౌర సమాచార అధికారికి తెలుగులోనే రాయవచ్చు. ‘నాకు గైర్హాజరు ఎందుకు వేశారు’ అని అడగవద్దు. ఎందుకు అనే ప్రశ్నకు ‘విచారిస్తున్నాం’ అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకోవచ్చు. నకళ్లు అడగండి. ఇలా రాయండి: ‘ఫలానా తేదీన ఫలానా కేంద్రంలో జరిగిన పరీక్షలో నా హాల్‌టికెట్ నంబరు ఉన్న హాజరు పట్టీ పేజీకి ధ్రువీకరించిన నకలు, ఆ పట్టీలో నా పేరు ఎదుట ఉన్న నంబరు గల జవాబు పత్రానికి ధ్రువీకరించిన నకలు, నేను ఫలానా తేదీన ఇచ్చిన దరఖాస్తుపై నేటివరకు నడిచిన నోట్‌ఫైలు నకలు ఇప్పించగలరు.’ (నోట్‌ఫైలు అంటే మీ దరఖాస్తు మీద అధికారులు రాసుకున్న రాతలు.) అంతే, కథంతా రాయవద్దు. పరీక్ష రాసినవారికి తమ జవాబు పత్రం చూసే హక్కు ఈ చట్టం కింద ఉందని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే అదే యూనివర్సిటీలోని అప్పీలు అధికారికి మొదటి అప్పీలు వేయవచ్చు. ఆలస్యం మాత్రం చేయకండి. జవాబు పత్రాలను ఎక్కువ కాలం దాచరు.

దీంతో పాటే ఫిర్యాదు కూడా వేయండి. యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం కాలేజీలకూ యూనివర్సిటీలకూ విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో కమిటీ తన నివేదిక ఇవ్వాలి. అది మీకు న్యాయంగా తోచకపోతే 15 రోజుల్లో, ఇలాంటి అప్పీళ్లు వినే అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఆయన నెలరోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. నేను మూడు నెలలు అన్నది ఈ లెక్కతోనే. ఫిర్యాదును ప్రిన్సిపాల్ గారికి ఒకటి, పరీక్షల విభాగానికి ఒకటి, రెండు చోట్లా ఒకే రోజు ఇవ్వండి. ‘కాలేజీ ద్వారా రండి’, ‘యూనివర్సిటీకి వెళ్లండి’ అని మిమ్మల్ని బంతిలా తన్నుకునే ఆట అక్కడితో ఆగిపోతుంది, ఎందుకంటే రెండు చోట్లా ఇన్‌వార్డ్ నంబరు పడుతుంది.

తర్వాతి మాట మీకు నచ్చకపోవచ్చు. సప్లిమెంటరీ నోటిఫికేషన్ వస్తే ఆ పేపరుకు ఫీజు కట్టేయండి. ‘రాసిన పరీక్ష మళ్లీ రాస్తే తప్పు ఒప్పుకున్నట్టే కదా’ అని మీరు రాశారు. కాదమ్మా. దరఖాస్తుతో పాటు ‘గైర్హాజరు విషయమై నేనిచ్చిన ఫిర్యాదు పరిష్కారానికి లోబడి ఈ పరీక్షకు దరఖాస్తు చేస్తున్నాను’ అని ఒక వాక్యం రాసి ఇవ్వండి. పోరాటం పోరాటంగా సాగుతుంది, మీ ఏడాది పోకుండా ఉంటుంది. ఈ తొందర ఎందుకంటే, ఉపాధ్యాయ కోర్సులను నియంత్రించే ఎన్‌సీటీఈ నిబంధనల ప్రకారం రెండేళ్ల బీఈడీని చేరిన తేదీ నుంచి మూడేళ్లలోపు పూర్తి చేయాలి. ఆఫీసు ఎన్ని నెలలు తిప్పినా ఆ గడియారం మీ కోసం ఆగదు. ఇప్పుడు టీసీ తీసుకుని రెండేళ్ల తర్వాత మనసు మారితే, మళ్లీ ఎడ్‌సెట్ దగ్గర మొదలుపెట్టాలి.

ఇంటర్న్‌షిప్ విషయంలో, ఒక పేపరు మిగిలి ఉంటే జాబితాలో పేరు పెట్టం అన్నది ఎవరు, ఏ నిబంధన ప్రకారం అన్నారో రాతలో అడగండి. ఆ నిబంధన ఉంటే నకలు ఇస్తారు. లేకపోతే జాబితా మారుతుంది. పదహారు వారాల ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి కాబట్టి ఆలస్యంగా చేరితే మళ్లీ అక్కడ చిక్కు వస్తుంది. అందుకే ఈ కాగితం అన్నిటికంటే ముందు ఇవ్వండి.

జిరాక్సు షాపు మనిషి సంగతి. అయిదు వేలు కాదు, అయిదు రూపాయలు కూడా ఇవ్వకండి. ఆయన తెచ్చి ఇచ్చే మెమో నిజమైనదో కాదో మీకు తెలిసేది రేపు డీఎస్సీ సర్టిఫికెట్ల పరిశీలనలో, అధికారి ఎదుట నిలబడినప్పుడు. న్యాయంగా మీదైన మార్కును దొంగసొత్తులా తెచ్చుకోవలసిన అవసరం మీకు లేదు.

కాలేజీకి రాకుండానే పాసైనవాళ్ల గురించి రాసినచోట మీ అక్షరాలు కాగితం వెనక్కి తేలేలా ఉన్నాయి. ఆ కోపం న్యాయమైనది. హాజరు అమ్ముకునే కాలేజీల వల్ల నష్టపోయేది మీరొక్కరే కాదు, అలా వచ్చిన ఉపాధ్యాయుడి ముందు కూర్చునే నలభై మంది పిల్లలు కూడా. ఆ చివరి బెంచీ పిల్లవాడికి అలాంటి టీచరు దొరికి ఉంటే ‘కూర్చోరా, ప్రశ్నలు ఆపు’ అనేవాడు. మీరు వెళ్లిపోతే ఆ కుర్చీ ఖాళీగా ఉండదు. వాళ్లలో ఒకరు కూర్చుంటారు.

ఇన్ని చెప్పి ఉద్యోగం గురించి అబద్ధం చెప్పలేను. బీఈడీ చేతికి రాగానే ఉద్యోగం రాదు. 2018 తర్వాత డీఎస్సీ మళ్లీ పూర్తయింది 2025లోనే. మీ స్నేహితురాలికి ఉద్యోగం వచ్చిందని రాశారు. అది 16,347 పోస్టుల మెగా డీఎస్సీ కనుక వచ్చింది, సంతోషం. మళ్లీ ఎప్పుడు, ఎన్ని పోస్టులతో వస్తుందో ఎవరి చేతిలోనూ లేదు. ప్రాథమిక తరగతుల పోస్టులకు బీఈడీ అర్హత కాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది కాబట్టి మీకు ఉన్న దారి హైస్కూలు తరగతులకు చెప్పే స్కూల్ అసిస్టెంట్ గణితం పోస్టు. దానికి ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్ కావాలి. డీఎస్సీ ర్యాంకులో టెట్‌కు 20 శాతం వెయిటేజీ ఇచ్చారు, ఒకసారి అర్హత సాధిస్తే అది జీవితాంతం చెల్లుతుంది. 2025 డీఎస్సీలో ఓసీ అభ్యర్థులకు కూడా వయోపరిమితి 44 ఏళ్లు. మీకు 29. సమయం ఉంది. ఈలోగా ప్రైవేటు బడుల్లో జీతాలు ఎలా ఉంటాయో గాజువాకలో ఉన్నవారికి నేను చెప్పనక్కర లేదు. మీవారితో డబ్బు లెక్క వేసుకునేటప్పుడు ఇవన్నీ కాగితం మీద పెట్టి మాట్లాడుకోండి.

మూడు నెలల తర్వాత, ఇవన్నీ చేశాక కూడా మానేయాలనిపిస్తే మానేయండి. నేను ఒక్క మాట అనను. పాప ఆరోగ్యం, ఇంటి ఖర్చు, మీ ఒంటి ఓపిక, ఇవన్నీ నిజమైన కారణాలు. అప్పుడైనా చెప్పకుండా కాలేజీ మానుకోవద్దు. రాతపూర్వకంగా తప్పుకోండి. మొదటి సెమిస్టర్ మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్ తీసుకోండి. మీ పదో తరగతి, ఇంటర్, డిగ్రీ అసలు సర్టిఫికెట్లు కాలేజీ బీరువాలో ఉన్నాయని రాశారు. చేర్చుకునేటప్పుడు వాటిని పరిశీలించి వెంటనే తిరిగి ఇచ్చేయాలని, తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే స్పష్టంగా చెప్పింది. చదువు కొనసాగించినా, మానేసినా అవి మీ ఇంట్లో ఉండాలి. వాటి కోసం దరఖాస్తు కూడా అదే రోజు ఇవ్వండి.

సోమవారం వెళ్లేటప్పుడు పాపను అమ్మగారి దగ్గరే ఉంచండి. హాల్‌టికెట్ రెండు వైపులా మూడు జిరాక్సులు తీయించండి, అసలుది ఎవరి చేతికీ ఇవ్వకండి. ప్రతి దరఖాస్తు రెండు ప్రతులు. ఇన్‌వార్డ్‌లో ‘మేం తీసుకోం’ అంటే గొడవ పడకుండా బయటికి వచ్చి స్పీడ్‌పోస్టు చేయండి. టీసీ కోసం రాసి పెట్టుకున్న దరఖాస్తును చించకండి, ఇవ్వకండి, బీరువాలో పెట్టండి. ఇన్‌వార్డ్ నంబర్లు వచ్చాక నాకు రాయండి. 30 రోజులకు జవాబు రాకపోతే మొదటి అప్పీలు ఇద్దరం కలిసి రాద్దాం.